తొంభై డాలర్ల గోంగూర, బ్లాక్‌టౌన్ గ్రౌండు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుంటే మిగతాది రాయలేను. సిడ్నీ పడమటి శివారులో మేం మూడు రాత్రులు దిగిన మోటెల్ వాళ్ళు, మా దగ్గర తీసుకున్న 200 డాలర్ల డిపాజిట్‌లో 90 డాలర్లు కోసుకున్నారు. కారణం, గదిలో 'ఘాటైన తిండి వాసన'. ఆ ఘాటైన తిండి మా ఆవిడ చేతి గోంగూర పచ్చడి. డాలరు మాకు 57 రూపాయల చొప్పున పడింది కాబట్టి ఆ వాసన ఖరీదు 5,130 రూపాయలు. ఆ డబ్బు పెట్టి మా ఆర్మూర్ అంగట్లో గోంగూర కొంటే ట్రాలీ ఆటో నిండుతుంది.

అయినా అక్కడికి ఎందుకు వెళ్ళావయ్యా అంటే, బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటి ఆట సాఫ్ట్‌బాల్ కోసం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పి.ఇ.టి.గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పడంలోనే గడిచింది. నిజామాబాద్ వైపు వాళ్ళకు ఇది వింత కాదు. మిగతా చోట్ల మాత్రం "అదేం ఆట సార్, మెత్తటి బంతితో ఆడతారా?" అంటారు. మెత్తనా? పన్నెండు అంగుళాల చుట్టుకొలత ఉన్న ఆ బంతిని గ్లవ్ లేకుండా పట్టి చూడమనండి. పుట్టినప్పుడు మెత్తగానే ఉండేది లెండి. 1887లో చికాగోలో ఒక బోట్ క్లబ్బు హాల్లో బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో చుట్టి బంతి చేసుకుని, చీపురు కర్రతో కొట్టి ఆడారు. మేం మొదలుపెట్టినప్పుడు మాకు చీపురు కర్ర కంటే కాస్త నయం. టీమంతటికీ ఆరు గ్లవ్‌లు. పరుగెత్తి చేరాల్సిన బేసులంటే ఇసుక నింపిన గోనె సంచులు. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కు మాస్కు పక్క మండలం స్కూలు నుంచి అడిగి తెచ్చుకునేవాళ్ళం.

మా అమ్మాయి వాళ్ళుండేది కాన్‌బెర్రాలో. డిసెంబర్‌లో మేం వెళ్ళగానే అల్లుడు సిడ్నీ ప్లాన్ వేసి పెట్టాడు. ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, అక్వేరియం, బ్లూ మౌంటెన్స్. నేను సిడ్నీ పడమటి శివారులో ఉన్న బ్లాక్‌టౌన్ అన్నాను. "మామయ్యా, బ్లాక్‌టౌన్‌లో ఏముంది? అక్కడ మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుంటారు, అంతే" అన్నాడు. 2000 ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మొత్తం అక్కడే జరిగిందని చెప్తే ఫోన్‌లో వెతికి చూసుకుని, "నిజమే" అన్నాడు. ఆయనకు సెలవు దొరకలేదు. సరే, మేమిద్దరం బస్సెక్కాం. ఇద్దరికీ కలిపి 88 డాలర్లు, మూడున్నర గంటలు. ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు.

సిడ్నీ సెంట్రల్ స్టేషన్ నుంచి గ్రౌండుకు దగ్గరి స్టేషన్ రూటీ హిల్‌కు లోకల్ రైల్లో దాదాపు గంట. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. రైళ్ళకు, బస్సులకు వాళ్ళు వాడే ఓపల్ కార్డు కొనక్కర్లేదు, మన బ్యాంకు కార్డునే గేటు దగ్గర ఆనిస్తే చాలు. శుక్ర, శని, ఆదివారాల్లో ఎంత తిరిగినా మనిషికి రోజుకు పది డాలర్లు దాటదు. కాకపోతే ఒక మనిషికి ఒక కార్డు ఉండాలి. మేం ఇద్దరికీ ఒకటే ఆనించబోతే గేటు మా ఆవిడను బయటే ఆపేసింది. "నన్ను ఇడిసిపెట్టి పోతున్నవా" అని ఆమె గేటవతలి నుంచి గట్టిగా అంటుంటే తెలుగు రానివాళ్ళు కూడా నవ్వారు.

ఇక మోటెల్. పేరు రాయను. నెట్‌లో ఫోటో చూస్తే తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి చెట్టు. ఉన్న మాట చెప్పాలంటే దుప్పట్లు తెల్లగానే ఉన్నాయి, చెట్టు కూడా ఉంది. ఫోటోలో లేనివి మిగతావి. రాత్రికి 165 డాలర్లు, మూడు రాత్రులకు 495. కౌంటర్లో కార్డు గీకేటప్పుడు ఒకటిన్నర శాతం సర్‌ఛార్జి అంటూ ఇంకో ఏడు డాలర్లు చిల్లర. దానిపైన డిపాజిట్ 200. బుక్ చేసినప్పుడు డిపాజిట్ ఊసే లేదు. కౌంటర్లో మనిషి వేలితో గోడ చూపించాడు. గోడ మీద కాగితం అంటించి ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అది చదవాలంటే నేను కళ్ళజోడు మార్చుకోవాలి. అప్పటికే పెట్టెలు మోసి చెమటలు కారుతున్నాయి. సంతకం పెట్టాను. తప్పు నాదే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

గదిలో ఎయిర్ కండిషనర్ పని చేస్తుంది, కానీ కింద గిన్నె పెట్టాలి. మొదటి రాత్రి మా ఆవిడ టీ కప్పు పెట్టింది, రెండో గంటకల్లా నిండిపోయింది. ఆ తర్వాత చెత్త డబ్బా ఖాళీ చేసి పెట్టాం. కిటికీ నాలుగు వేళ్ళ సందు కంటే ఎక్కువ తెరుచుకోదు. గదిలో మైక్రోవేవ్ ఉంది, ఫ్రిజ్ ఉంది, రెండు ప్లేట్లు, రెండు ఫోర్కులు కూడా పెట్టారు. ఇవన్నీ పెట్టి, తింటే వాసన వచ్చిందనడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మేం పొయ్యి వెలిగించలేదు, పోపు వేయలేదు. మా ఆవిడ కాన్‌బెర్రా నుంచి తెచ్చిన అన్నాన్ని మైక్రోవేవ్‌లో వెచ్చ చేసి, గోంగూర కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నాం. అంతే.

ఫిర్యాదు చేయడానికి వెళ్తే రాత్రి ఎనిమిది తర్వాత కౌంటర్లో ఎవరూ ఉండరు. ఒక ఫోన్ నంబర్ ఉంటుంది. అది మోగుతుంది, మోగుతూనే ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం గ్రౌండుకు బయల్దేరాం. నడుద్దాం, రెండు కిలోమీటర్లే కదా అన్నాను. ఎవరూ ఇలాంటి తెలివి చూపించకండి. సముద్రం గాలి సిడ్నీ పడమటి శివార్లకు సరిగా అందదు. తీరంలో ముప్ఫై ఉన్నప్పుడు ఇక్కడ నలభై దగ్గర పడుతుంది. పక్కనే ఉన్న పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. మేం వెళ్ళిన రోజు 37 అని ఫోన్ చెప్పింది. మా నిజామాబాద్ మే నెలకు అలవాటు పడ్డ ఒళ్ళే, కానీ అక్కడి ఎండ చర్మం మీద నిప్పు రవ్వలు పడ్డట్టు కొడుతుంది. దానికి తోడు ఈగలు. మన ఈగల్లా తిండి మీద కాదు, కళ్ళ మీద, ముక్కు మీద. మా ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, "గ్రౌండు సూడనీకి సముద్రాలు దాటి వచ్చినమా? మన బడి కాడ లేదా గ్రౌండు?" అంది. జవాబు చెప్పలేదు. చెప్తే ఇంకో కిలోమీటరు అదే మాట వినాలి.

బ్లాక్‌టౌన్ ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పార్క్ అని పెద్ద బోర్డు. ఒలింపిక్స్ నాటికి దీన్ని బ్లాక్‌టౌన్ ఒలింపిక్ సెంటర్ అనేవాళ్ళు. స్థలం పేరు అక్విలినా రిజర్వ్. సిటీ కౌన్సిల్ సొంతం. తర్వాత ఇక్కడికి క్రికెట్, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ అన్నీ వచ్చి చేరాయి. మీరు లోపలికి వెళ్ళగానే ఎవరినైనా 'సాఫ్ట్‌బాల్' అని అడగండి. మేం అడక్కుండా వెళ్ళి ముందు క్రికెట్ గ్రౌండ్ చుట్టూ తిరిగాం.

అన్నట్టు, ఆ ఊరి పేరు. బ్లాక్‌టౌన్ అంటే మన మద్రాసులో ఇంగ్లీషు వాళ్ళు కోట బయట మనవాళ్ళుండే పేటను పిలిచిన పేరే గుర్తొస్తుంది. అది తర్వాత జార్జ్ టౌన్ అయింది. ఇక్కడి కథ ఇంకా చేదు. 1823లో పారమట్టా నుంచి ఆదివాసీ పిల్లల బడిని ఇక్కడికి మార్చారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఇంగ్లీషు పద్ధతులు నేర్పిన బడి. ఆ బడిని బట్టే ఊరికి ఈ పేరు. ఆ బడి ఉన్న స్థలాన్ని 2018లో అక్కడి ఆదివాసులైన దారుగ్ ప్రజలకు తిరిగి ఇచ్చారు. ఇదంతా నాకు అక్కడి బోర్డుల వల్ల తెలియలేదు, అమ్మాయి చెప్పింది.

సాఫ్ట్‌బాల్ డైమండ్, అంటే నాలుగు బేసులున్న ఆట స్థలం, కనపడగానే నాకు కాళ్ళ నొప్పి పోయింది. బయటివాళ్ళకు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ గ్రౌండ్లు రెండూ ఒకటే అనిపిస్తాయి. పక్కపక్కనే చూస్తే తేడా తెలుస్తుంది. బేస్‌బాల్‌కు బేసుల మధ్య లోపలి భాగంలో పచ్చిక ఉంటుంది, బంతి విసిరే పిచర్ నిలబడే చోట మట్టి దిబ్బ ఉంటుంది. సాఫ్ట్‌బాల్‌కు లోపలంతా ఉత్త మట్టి, దిబ్బ ఉండదు. బేసుకీ బేసుకీ మధ్య అక్కడ 90 అడుగులు, ఇక్కడ 60. అక్కడ బంతిని భుజం మీంచి విసురుతారు, ఇక్కడ చెయ్యి గుండ్రంగా తిప్పి నడుం కింది నుంచి వదులుతారు. ఆ మట్టిని ఎంత నున్నగా ఈడ్చారంటే, మా ఆవిడ "మన వాకిలి అలికినట్టు ఉంది" అంది. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది.

ఇక్కడ జరిగినదేమిటో కొంచెం చెప్పనివ్వండి. 2000 సెప్టెంబర్ 17 నుంచి 26 దాకా టోర్నీ. అమెరికా వాళ్ళు వందకు పైగా మ్యాచ్‌లు వరుసగా గెలిచి వచ్చారు. వాళ్ళకు ఎదురే లేదని అందరి లెక్క. ఈ గ్రౌండులో వరసగా మూడు ఓడిపోయారు. జపాన్ చేతిలో, చైనా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో. మూడూ మామూలు ఏడు ఇన్నింగ్స్‌లో తేలలేదు, సాగి సాగి పోయాయి. ఆస్ట్రేలియా మ్యాచ్‌లో అమెరికా పిచర్ లీసా ఫెర్నాండెజ్ 25 మందిని స్ట్రైక్ అవుట్ చేసింది, అంటే బంతి కొట్టే అవకాశమే ఇవ్వకుండా పంపించింది. చదివేవాళ్ళు మళ్ళీ చదవండి, ఇరవై ఐదు. అయినా పదమూడో ఇన్నింగ్స్‌లో పీటా ఎడెబోన్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టి 2-1తో గెలిపించింది. ఆ దరిద్రం వదలాలని అమెరికా అమ్మాయిలు యూనిఫాంలతోనే షవర్ కింద నిలబడ్డారట. మా ఊళ్ళో దిష్టి తీసి నీళ్ళు పోసుకోవడం లాంటిదే. పోయిందో లేదో గానీ ఆ తర్వాత ఒక్కటీ ఓడలేదు. ఫైనల్లో జపాన్ మీద ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 2-1. జపాన్ ఎడమ వైపు ఫీల్డర్ వెనక్కి పరుగెత్తి బంతిని పట్టినట్టే పట్టి జారవిడిచింది, దాంతో గెలుపు పరుగు వచ్చింది. ఆస్ట్రేలియాకు కాంస్యం. ఒలింపిక్స్‌కు వేసిన తాత్కాలిక గ్యాలరీలు ఇప్పుడు లేవు. మిగిలింది చిన్న స్టాండు, చుట్టూ గడ్డి గట్లు.

మేం వెళ్ళేసరికి పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్లలు ఓ పదిహేను మంది ప్రాక్టీసు చేస్తున్నారు. కోచ్ అరవై దాటినామె, ఎండకు ఎర్రగా కమిలిన మొహం. కంచె బయట నిలబడి చూస్తున్న నన్ను ఏం కావాలని అడిగింది. ఇండియాలో సాఫ్ట్‌బాల్ నేర్పేవాణ్ణి అన్నాను. ఆమె నమ్మలేదు. "ఇండియాలోనా? క్రికెట్ కదా?" అంది. ఫోన్‌లో మా పిల్లల ఫోటోలు చూపించాను. గోనె సంచి బేసులు చూసి చాలా సేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

గేటు తీస్తుందనుకున్నా. తీయలేదు. పిల్లలతో గ్రౌండులో ఉండాలంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఉండాలట, నేరచరిత్ర ఏమీ లేదని పరిశీలించి ఇస్తారు. అది లేని పెద్దవాళ్ళు ప్రాక్టీసులోకి రాకూడదు. మర్యాదగానే చెప్పింది, అయినా నాకు మొహం మాడిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల టీమును బస్సుల్లో, రైళ్ళలో తిప్పి తెచ్చినవాణ్ణి. మా ఆవిడ మాత్రం "మంచిగనే ఉంది గదా. మన తాన ఎవరన్న అడుగుతరా ఇట్ల?" అంది. స్టాండులో కూర్చుని ఆలోచిస్తే ఆమె మాటే నిజమనిపించింది. నన్ను ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు పదో తరగతి మెమో అడిగారు, డిప్లొమా అడిగారు. ఇది ఎవరూ అడగలేదు.

ప్రాక్టీసు అయిపోయి పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకెళ్ళాక ఆమే గేటు తీసి పిలిచింది. ఎడెబోన్ కొట్టిన రోజు తాను ఈ గ్రౌండులోనే ఉన్నానని, తాగునీళ్ళు అందించే వాలంటీరుగా చేశానని చెప్పింది. బంతి ఏ వైపు వెళ్ళిందో చేత్తో చూపించింది. ఆ తర్వాత నా చేతికి బంతి ఇచ్చి, తాను క్యాచర్ గ్లవ్ వేసుకుని బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక గొంతు కూర్చుంది. అరవై దాటిన మనిషి గొంతు కూర్చోవడం నాకు అక్కడే ఒక వార్త.

నలభై మూడు అడుగుల దూరం. చేతిని గుండ్రంగా తిప్పి వేశాను. మొదటిది ఆమె తల మీదుగా వెళ్ళి కంచెకు తగిలింది. రెండోది నేల మీద పడింది. మూడోది గ్లవ్‌లో పడ్డ చప్పుడు ఉంది చూశారూ, దానికి 495 డాలర్లూ ఇచ్చేయొచ్చు అనిపించింది. డిపాజిట్ మాత్రం కాదు. ఆరు వేశాను. ఏడోది వేయబోతే భుజంలో ఏదో పట్టేసింది. మా ఆవిడ వీడియో తీశానంది. తీరా చూస్తే మొత్తం ఆమె వేలే.

ఆ రాత్రి మోటెల్లో భుజానికి జండూ బామ్ రాసుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఘాటైన వాసన అదే అయ్యుండొచ్చు.

శనివారం సిడ్నీ చూశాం. ఒపెరా హౌస్ ఫోటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది. నాకు అసలు పని డార్లింగ్ హార్బర్‌లో. 2000 సెప్టెంబర్ 19న మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది అక్కడే, కన్వెన్షన్ సెంటర్లో. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం, రజతం తెచ్చుకున్నవాళ్ళిద్దరూ ఎత్తింది 242.5. చివరి ప్రయత్నంలో 137.5 ఎత్తి ఉంటే బంగారమే. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. ఆ వారం మా స్కూలు ప్రార్థనలో ఆమె గురించి నేనే మాట్లాడాను. అదే వారం ఇదే సిడ్నీలో సాఫ్ట్‌బాల్ జరుగుతోందని పిల్లలకు చెప్తే, "మల్లీశ్వరక్క అది కూడా ఆడుతదా సార్?" అని అడిగిందొక పిల్ల.

ఆ భవనం లేదు. 2014లో కూల్చేశారు. ఆ స్థలంలో కొత్త కన్వెన్షన్ సెంటర్ కట్టి 2016లో తెరిచారు. నునుపైన అద్దాలు, కాఫీ బండ్లు. సమాచారం చెప్పే కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే వెయిట్‌లిఫ్టింగ్ ఇక్కడ జరిగిందా అని నన్నే ఎదురడిగాడు. వాడు అప్పటికి పుట్టి కూడా ఉండడు, వాణ్ణి అనేదేముంది. ఎక్కడ నిలబడి ఫోటో దిగాలో తెలియక, ఒక మెట్ల దగ్గర దిగాం. కాఫీ రెండు 12 డాలర్లు, అందులో ఒకటి ఒలికిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు లిడ్‌కోమ్‌లో రైలు మారి ఒలింపిక్ పార్కు కూడా చూశాం. బేస్‌బాల్ ఫైనల్ అక్కడి షోగ్రౌండులో జరిగింది, అమెరికా క్యూబాను 4-0తో ఓడించింది. ఇప్పుడది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ గ్రౌండు, బేస్‌బాల్ ఆనవాలు నాకేమీ దొరకలేదు. ఆ ఒలింపిక్స్‌లో రెండో బేస్‌బాల్ గ్రౌండుగా వాడింది మళ్ళీ మన బ్లాక్‌టౌన్‌నే. నగరం నడిబొడ్డున ఉన్నవి మారిపోయాయి, ఎవరూ చూడమని చెప్పని శివారులో మాత్రం ఇంకా అదే ఆట ఆడుతున్నారు. అల్లుడికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. "అవునా మామయ్యా" అన్నాడు. మీటింగులో ఉన్నట్టున్నాడు.

మధ్యాహ్నం భోజనం హ్యారిస్ పార్కులో. పారమట్టా పక్క స్టేషన్, వీధంతా మనదేశం. మసాలా దోసె 17 డాలర్లు, చట్నీ నీళ్ళు. సాంబారులో చక్కెర వేశారని మా ఆవిడ తీర్పు. అక్కడ చాట్ తినండి, దోసె జోలికి పోకండి.

రాత్రి బ్లాక్‌టౌన్‌లోనే బేస్‌బాల్ మ్యాచ్. సిడ్నీ బ్లూ సాక్స్ జట్టుకు అదే సొంత గ్రౌండు. ఆస్ట్రేలియన్ బేస్‌బాల్ లీగ్ 2010లో మళ్ళీ మొదలైనప్పటి నుంచి ఇక్కడే ఆడుతున్నారు. అక్కడ వేసవి కాబట్టి సీజన్ డిసెంబర్, జనవరి చుట్టూ నడుస్తుంది, ఎక్కువగా గురువారం నుంచి ఆదివారం దాకా మ్యాచ్‌లు. జూన్, జూలైల్లో వెళ్తే బేస్‌బాల్ లీగ్ మీకు దొరకదు, గుర్తుపెట్టుకోండి. టికెట్లు ఇద్దరికీ 44 డాలర్లయ్యాయి. ఉప్పల్‌లో ఐపీఎల్ చూడ్డానికి పడ్డ తోపులాటతో పోలిస్తే ఇది పెళ్ళివారి విడిది. కారు దిగి నేరుగా సీటు దాకా నడిచి వెళ్ళొచ్చు. ఆటగాళ్ళు ఎంత దగ్గరంటే, ఔట్ అయినవాడు పళ్ళ సందున తిట్టుకున్నది వినిపించింది.

శనివారం కాబట్టి మా ఆవిడకు మాంసం లేదు. స్టాల్లో చూస్తే హాట్ డాగ్, బర్గర్, స్టేక్ రోల్. శాకాహారం అంటే చిప్స్ ఒక్కటే, గిన్నెడు 9 డాలర్లు. పోనీ అని సంచిలో తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర తీసింది. ముందు వరసలో కూర్చున్న తాతగారు వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ వాసన గొడవేనా అనుకున్నా. అదేంటని అడిగి, మూత మీద రెండు ముద్దలు పెట్టించుకుని తిని, పల్లీలు బాగున్నాయన్నాడు. ఆయన ఆ పులిహోరకు బదులుగా నాకు స్కోర్‌కార్డు నింపడం నేర్పించాడు. ముప్ఫై ఏళ్ళు స్కోర్‌షీటు రాసినవాణ్ణి, నాకు వచ్చు. అయినా నేర్చుకున్నాను.

మా ఆవిడ అయిదో ఇన్నింగ్స్‌లో నిద్రపోయింది. బంతి పక్కకు ఎగిరి వల మీద ధన్‌మని పడ్డప్పుడల్లా లేచి "అయిపోయిందా?" అని అడిగింది. బేస్‌బాల్ తొమ్మిది ఇన్నింగ్స్, మూడు గంటల వ్యవహారం. ఓపిక లేనివాళ్ళను తీసుకెళ్తే ఏడు ఇన్నింగ్స్ సాఫ్ట్‌బాల్‌కే తీసుకెళ్ళండి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మేం లేచి వచ్చేశాం, ఎవరు గెలిచారో పొద్దున ఫోన్‌లో చూశాను. రాత్రి పూట స్టేషన్ దాకా నడక మానుకోండి, దారిలో మనుషులు కనపడరు. టాక్సీకి 17 డాలర్లు ఇచ్చాం.

ఆదివారం పొద్దున తాళం చెవి ఇచ్చేటప్పుడు మోటెల్ మనిషి గదిలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, అంతా బాగుందన్నాడు. డిపాజిట్ వారంలో వస్తుందన్నాడు. తొమ్మిది రోజులకు 110 డాలర్లు వచ్చాయి. ఎందుకని మెయిల్ పెడితే ఈ వాసన కథ. మొహాన చెప్పే ధైర్యం లేదు చూశారా, అదే నాకు మంట. ఎయిర్ కండిషనర్ కింద చెత్త డబ్బా పెట్టుకున్న ఫోటో జత చేసి, మీరే నాకు బాకీ అని రాశాను. ఆ ఫోటో మా ఆవిడ తీసింది, అందులో వేలు లేదు. వినియోగదారుల ఫిర్యాదులు చూసే రాష్ట్ర ఫెయిర్ ట్రేడింగ్ శాఖకు ఫిర్యాదు చేస్తానని అమ్మాయి చేత ఒక వాక్యం చేర్పించాను. నాలుగు రోజులకు 45 డాలర్లు తిరిగి వేశారు, 'సద్భావంతో' అని. మిగతా 45 అలాగే ఉంది.

కాబట్టి అటు వెళ్ళేవాళ్ళు బ్లాక్‌టౌన్ స్టేషన్ దగ్గర, మనిషి రాత్రంతా కౌంటర్లో ఉండే చోట దిగండి. నలభై డాలర్లు ఎక్కువైనా సరే. గదిలో అడుగు పెట్టగానే వీడియో తీయండి, తాళం ఇచ్చేటప్పుడు ఇంకోటి. డిపాజిట్ ఏయే కారణాలకు కోస్తారో కాగితం మీద రాయించుకోండి. పచ్చడి మాత్రం మానకండి.

సాఫ్ట్‌బాల్‌ను 2012 నుంచి ఒలింపిక్స్‌లో తీసేశారు, టోక్యోలో ఒకసారి పెట్టారు, ప్యారిస్‌లో మళ్ళీ లేదు. 2028 లాస్ ఏంజిలిస్‌కు తిరిగి వస్తోంది. మ్యాచ్‌లు జరిగేది మాత్రం లాస్ ఏంజిలిస్‌లో కాదు, ఎక్కడో దూరంగా ఓక్లహోమా సిటీలో. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ముందు ఆ మిగిలిన 45 డాలర్లు రావాలి.